మీరైతే ఏం చేసేవారు, సిస్టర్?

పోయినవారం పెద్ద సిస్టర్‌ని వార్డు గుమ్మంలో నిలబెట్టి వచ్చేశాం. సెలవు తర్వాత మొదటి డ్యూటీ. చేతిలో డ్రెస్సింగ్ ట్రే, మెడమీద కొత్త ముఖం. కిటికీ పక్క మంచంమీది పిల్ల ఆవిడ వంక ఒక్కసారి చూసి, మరి చూడకుండా గోడవైపు తిరిగిపోయింది.

కొత్తగా చదువుతున్నవాళ్ళకి నాలుగు ముక్కలు. ఆవిడ కాలిన రోగుల వార్డుకి హెడ్ నర్సు. పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు, ఆయాల దగ్గర్నుంచి డాక్టర్ల దాకా అందరికీ పెద్ద సిస్టరే. యాభై దాటాక రెప్పలు కళ్ళమీదికి జారి, బుగ్గలు దవడల కిందికి దిగి, ముఖం ఎప్పుడు చూసినా ఏడ్చి లేచినట్టు తయారైంది. హాయిగా నిద్రపోయి వచ్చిన రోజు కూడా "ఒంట్లో బాగాలేదా సిస్టర్?" అనే అడిగేవారు. ఆ ప్రశ్న వినీ వినీ విసిగిపోయి, అక్కగారింటికి వెళ్తున్నానని సెలవు పెట్టి, వేరే ఊళ్ళో ఒక చిన్న ఆస్పత్రిలో రెప్పలూ బుగ్గలూ ఎత్తి కుట్టించుకుని వచ్చింది.

సంగతి ఇంట్లో ఆయనకి ఒక్కడికే తెలుసు. ఆయన నీళ్ళ పంపుహౌస్‌లో పనిచేస్తాడు. మోటార్ల రొదలో బతికి బతికి చెవి మందగించింది, గొంతు పెరిగింది. గుట్టుగా అడుగుతున్నాననుకుని పెరట్లోంచి "కుట్లు విప్పారా?" అన్నాడు. అంతే, ఆ పూటకి వీధి వీధంతా తెలిసింది. నోట్లో నువ్వుగింజ నానని అత్తగారు మంచం దిగి వచ్చి, కోడలి గడ్డం పట్టుకుని వెలుతురుకేసి తిప్పి చూసి, "బాగానే కుట్టాడు. నాకన్నా ముందు నువ్వు ముసలిదానివైపోతున్నావని నేనూ అనుకుంటూనే ఉన్నాలే" అంది. అది తిట్టో మెప్పో పెద్ద సిస్టర్‌కి ఇప్పటికీ తేలలేదు. ఆయన మాత్రం "నీ ముఖం, నీ ఇష్టం" అన్నాడు. అన్నాడే గానీ, ఆనాటి నుంచీ అన్నం తినేటప్పుడు కంచంలోకే చూస్తున్నాడు.

ఇక వార్డులోకి వద్దాం.

పొడుగాటి గది. రెండువైపులా మంచాలు. మందునీళ్ళ వాసన, ఉతికిన గుడ్డల వాసన, వాటి కింద ఎంత కడిగినా పోని ఇంకో వాసన. ఆ గదిలో అద్దం లేదు. ఎప్పుడో పెద్ద సిస్టరే పట్టుబట్టి తీయించేసింది. కిటికీ గాజు రెక్కలకి సగందాకా తెల్లరంగు వేయించింది. అయినా చూసుకోవాలనుకున్నవాళ్ళు స్టీలు పళ్ళెం అడుగున చూసుకునేవారు. పళ్ళేలు కూడా తీయించెయ్యమంటారా అని ఒకసారి ఆయా అడిగింది.

గోడవైపు తిరిగిన పిల్ల జోలికి పెద్ద సిస్టర్ వెంటనే వెళ్ళలేదు. గుమ్మం దగ్గరి మంచంతో మొదలుపెట్టింది. కట్టు తడిపింది, నానేదాకా ఆగింది, నెమ్మదిగా ఊడదీసింది. చేతులు వాటి పని అవి చేసుకుపోతున్నాయి. మంచం మంచానికీ ముఖాలు పైకి లేస్తున్నాయి. కొందరు చూసి చూడనట్టు ఊరుకున్నారు. వేడినూనె పడి రెండు చేతులూ కాలిన వంటావిడ మాత్రం ఉండబట్టలేక, "మా పెద్ద సిస్టరేనా?" అంది.

"నేనే."

"గొంతు విని పోల్చుకున్నా. బాగున్నారమ్మా. పదేళ్ళు వెనక్కి నడిచొచ్చారు."

గది చివర తుడుస్తున్న ఆయా వంచిన తల ఎత్తకుండానే, "మనకి చెప్పేవన్నీ నీతులు" అని నేలతో అంది. నేలతోనే అన్నా అందరికీ వినిపించింది. కుండ మూతికి మూకుడుంది గానీ ఊరి మూతికి మూకుడేది? పెద్ద సిస్టర్ తర్వాతి మంచానికి కదిలింది.

చిన్న సిస్టర్ మందుల బండి తోసుకుంటూ వచ్చింది. మంచి పిల్ల, గాలివాటం మనిషి. "సిస్టర్, ఆ చివరి రెండు డ్రెస్సింగులూ కూడా మీరే చూసేస్తారా? నాకు రాత్రంతా నిద్రలేదు. మీరైతే చక్కగా తేటగా ఉన్నారు" అంది.

పెద్ద సిస్టర్‌కి నవ్వొచ్చింది. కుట్లు ఇంకా లాగుతున్నాయి, నవ్వు పూర్తిగా రాలేదు. రాత్రి ఆవిడకీ నిద్రలేదు. మోకాళ్ళు సలుపుతున్నాయి. ఇన్నేళ్ళూ అలసట లేకపోయినా ముఖం ఉందని చెప్పేది. ఇవాళ నిజంగా అలసిపోయి వస్తే, కొత్త ముఖం ఒక్క మాట బయటపెట్టడంలేదు. "ఇలా ఇవ్వు" అని రెండో ట్రే కూడా అందుకుంది.

చివరికి మిగిలింది కిటికీ పక్క మంచం.

ఆ పిల్లకి ఇరవై రెండేళ్ళు. హోటళ్ళ దుప్పట్లు ఉతికే పెద్ద లాండ్రీలో ఆవిరి ఇస్త్రీ మిషను మీద పనిచేసేది. ఆ పని ఇప్పించింది అన్నయ్యే. అతను అదే లాండ్రీ వ్యాను నడుపుతాడు. తల్లీ తండ్రీ లేరు, ఉన్నది వాళ్ళిద్దరే. ఒకరోజు మిషను పక్కన ఆవిరి గొట్టం అతుకు ఊడి ఎడమబుగ్గ, మెడ, భుజం ఉడికిపోయాయి. తెచ్చిన కొత్తలో నెలరోజులు నోట మాట లేదు. మాట వచ్చిన రోజు నుంచీ ఆపలేదు. పక్క మంచాలవాళ్ళ కష్టాలు, డాక్టర్ల నడకలు, ఆయా కొంగు ముడులు, అన్నిటిమీదా వ్యాఖ్యానమే. అందుకని వార్డంతా కలిసి వసపిట్ట అని పేరు పెట్టారు.

ఇవాళ వసపిట్ట కూయలేదు.

పెద్ద సిస్టర్ తెర లాగింది. స్టూలు జరుపుకుని కూచుంది. "ఇటు తిరుగమ్మా. మెడ దగ్గర పట్టీ మార్చాలి."

"చిన్న సిస్టర్ మారుస్తుంది."

"చిన్న సిస్టర్ మందులిస్తోంది."

"అయ్యేదాకా ఆగుతాను."

"తడి ఎక్కువసేపు ఉంటే పుండవుతుంది. తిరుగు."

తిరిగింది. కుడివైపు నుంచి చూస్తే కుదురైన చక్కని ముఖం. ఎడమవైపు బుగ్గమీద మచ్చ ముడతలు పడి బిగిసి, కింది రెప్పనీ నోటి చివరనీ తనవైపు లాక్కుంటోంది. కళ్ళు మాత్రం రెండూ ఒకేలా మండుతున్నాయి. పెద్ద సిస్టర్ దూది తడిపి చెవి కింద పట్టీ అంచులు నానబెట్టింది. ఆ పిల్ల ఊపిరి ఆవిడ మణికట్టుకి తగులుతోంది.

"నొప్పి పుట్టిందా?" అంది వసపిట్ట.

"నేనింకా లాగలేదు కదే."

"నాకు కాదు. మీకు. కోసినప్పుడు."

పెద్ద సిస్టర్ చెయ్యి ఆగింది. "కోసినప్పుడు తెలీలేదు. తర్వాత పుట్టింది."

"బాగుంది మీ ముఖం."

అది పొగడ్త కాదు. కోర్టులో సాక్ష్యం చెప్పినట్టు చెప్పింది.

"చూడమ్మా, నీ సంగతి వేరు, నా సంగతి..."

"ఆ గొంతు వద్దు సిస్టర్. అది మీరు ఇంజెక్షన్ ముందు వాడే గొంతు."

పెద్ద సిస్టర్ మళ్ళీ దూది తడిపింది. పట్టీ ఒక మూల లేచింది. రెండో మూల ఇంకా పట్టుకునే ఉంది.

"పెద్ద డాక్టరుగారు వచ్చి బుగ్గమీద చర్మం మార్చి లాగుడు తగ్గిస్తాను, ముఖం కొంత సరిచేస్తాను అన్నారు. గుర్తుందా?" అంది వసపిట్ట. "ఆయన వెళ్ళాక మీరు ఇక్కడే, ఈ స్టూలు మీదే కూచున్నారు. ముఖంలో ఏముందే పిచ్చిదానా అన్నారు. మనిషి విలువ తోలుమీద రాసి ఉండదన్నారు. నేను మిమ్మల్ని ఒక్కటే అడిగాను. మీరైతే ఏం చేసేవారు సిస్టర్ అని. మీరేమన్నారు?"

"ఉన్న ముఖంతో బతికేదాన్ని అన్నాను."

"అన్నారు. నేను నమ్మాను. పొద్దున్నే డాక్టరుగారికి వద్దని చెప్పేశాను." గొంతు తగ్గించి అడిగింది. "ఆ మాట అనేటప్పటికి మీరు మీ డాక్టర్ని చూసి వచ్చేశారా?"

అబద్ధం చెప్పొచ్చు. తెరకవతల ఎవరికీ తెలీదు. కానీ ఇంట్లో, వీధిలో, వార్డులో ఇన్నాళ్ళుగా దాచీ దాచీ ఆవిడ అలిసిపోయి ఉంది. ఇంకో అబద్ధం మొయ్యడానికి ఓపిక లేదు.

"చూసి వచ్చాను. రోజు కూడా ఖాయం చేసుకున్నాను."

వసపిట్ట ఒక నవ్వు నవ్వింది. కుడివైపు నవ్వు వచ్చింది, ఎడమవైపు రాలేదు. పక్క మంచంలోంచి వంటావిడ సర్దిచెప్పబోయింది. "పోనీలే తల్లీ. అందం లోపలుంటుంది."

"లోపలుంటే ఎక్స్-రేలో కనబడాలి కదా పిన్నీ" అంది వసపిట్ట. "ఇప్పటికి ఎన్ని తీశారో. ఒక్కదాంట్లోనూ రాలేదు."

పెద్ద సిస్టర్ పట్టీ పూర్తిగా ఊడదీసి, కింద గాయం చూసింది. మానుతోంది. గోరంత పచ్చి మిగిలింది. దాన్ని తుడుస్తూ, ఆ పిల్ల వైపు చూడకుండానే మొదలుపెట్టింది.

"అందం కోసం కాదు అంటే అబద్ధం. కొంత అందం కోసమే. కానీ అదొక్కటే కాదు. పొద్దున లేస్తాను, ఉత్సాహంగానే ఉంటాను. బస్సులో ఒకడు లేచి సీటిస్తాడు. ఇక్కడికొస్తే మీరంతా ఒంట్లో బాగాలేదా అంటారు. డాక్టరు నాకు చెప్పాల్సిన పని ఇంకొకళ్ళకి చెప్తాడు, పాపం అలిసిపోయి ఉందని. నేను లోపల ఒకలా ఉంటే ముఖం బయట ఇంకోలా చెప్తోంది. నామీద నా ముఖమే చాడీలు చెప్తున్నట్టుండేది. దాని నోరు మూయించాలనిపించింది. మూయించాను. తప్పంటావా?"

"తప్పనలేదు."

"ఆయా అంటోంది. మా వీధి అంటోంది."

"నేను అన్లేదు" అంది వసపిట్ట. "మీ ముఖం మీ ఇష్టం. మీరు చేయించుకున్నందుకు కాదు నాకు ఏడుపొస్తోంది. మీకు పనికొచ్చింది నాకెందుకు పనికిరాదన్నారు? నా ముఖం కూడా నామీద చాడీలు చెప్తోంది కదా. నేను నవ్వుతుంటే సగం ముఖం ఏడుస్తోంది. ఫోన్లో ఒకసారి చూసుకుని నవ్వడం మానేశాను. మీ రెప్పలు జారితే ఆపరేషను, నా బుగ్గ ఉడికితే నీతివాక్యమా?"

దీనికి జవాబుంది. అది పెద్ద సిస్టర్ నాలుక చివరే ఉంది, నెలలుగా ఉంది. చెప్పనని ఆ పిల్ల అన్నకి మాటిచ్చింది. ముందుకెళ్తే నుయ్యి, వెనక్కెళ్తే గొయ్యి. చెప్తే మాట తప్పినట్టు. చెప్పకపోతే, తనకొక న్యాయం ఎదుటివాళ్ళకొక న్యాయం అనుకునే మనిషిగా ఈ పిల్ల కళ్ళలో మిగిలిపోవడం. అదైనా భరించొచ్చు. భరించలేనిది ఇంకొకటుంది. ఈ పిల్ల తన సంగతి తనకే తెలియకుండా, ఎవరో రాసిచ్చిన నిర్ణయాన్ని తనదనుకుని బతుకుతోంది.

చేతికున్న గ్లవ్స్ తీసేసింది. అలా తీసేస్తే డ్రెస్సింగ్ సగంలో ఆగినట్టే. చేతికింద పనిచేసేవాళ్ళెవరైనా అలా చేస్తే ఆవిడ ఊరుకునేది కాదు.

"నీ మూడో ఆపరేషన్ గుర్తుందా? మెడ వదులు చేసింది?"

"నిద్రపోయాను, లేచాను. గుర్తేముంటుంది?"

"మధ్యలో నీ ఊపిరాగింది."

వసపిట్ట చెయ్యి మెడమీదికి పోయింది.

"మెడ బిగిసిపోయి తల వెనక్కి వాలని రోజులవి. ఆవిరి లోపలికి కూడా పీల్చావు కదా, గొంతులోపల మచ్చకట్టి దారి సన్నబడింది. మత్తిచ్చాక ఊపిరి గొట్టం దిగలేదు. ఒకటి కాకపోతే ఒకటి మార్చి చూశారు. పెదాలు నల్లబడిపోయాయట. గుండె కూడా నెమ్మదించింది. ఆఖరికి చిన్నపిల్లలకి వాడే సన్న గొట్టం ఎలాగో దిగింది. డాక్టరుగారు బయటికొచ్చి మీ అన్నయ్యకీ నాకూ చెప్పారు. మీ అన్నయ్య అక్కడే నేలమీద కూలబడిపోయాడు. దానికి చెప్పకండి, భయపడుతుంది అన్నాడు. సరే అన్నాం. తర్వాత డాక్టరుగారు బుగ్గ మాట ఎత్తేసరికి అతను వచ్చి నా చేతులు పట్టుకున్నాడు. మీరు చెప్తే వింటుంది సిస్టర్, ఎలాగో వద్దనిపించండి అని."

"అందుకని ముఖంలో ఏముంది అన్నారు."

"అన్నాను."

తెరకవతల మందుల బండి చక్రం కీచుమంటూ పోయింది. వసపిట్ట తన చేతుల వంక చూసుకుంటూ కూచుంది. అరుస్తుందనుకుంది పెద్ద సిస్టర్. అరవలేదు. చాలా అలిసిన మాటది.

"నేను నన్ను మెచ్చుకున్నాను సిస్టర్. వద్దని చెప్పిన రోజు. నా అంత గట్టిది లేదనుకున్నాను. ఇంకోళ్ళయితే ఆశపడేవాళ్ళు, నేను ఆశని గెలిచాననుకున్నాను. నిద్రపట్టనప్పుడల్లా అదే తలుచుకుని ధైర్యం తెచ్చుకునేదాన్ని. తీరా చూస్తే అది నా గొప్ప కాదు. మీరు ముగ్గురూ కలిసి నా చేత అనిపించిన మాట."

"భయపడతావని..."

"భయపడనివ్వాల్సింది. నా భయం కూడా మీరే పడాలా?"

ఈ వార్డులో పెద్ద సిస్టర్ ఎంతమందికి ఎన్ని ధైర్యాలు చెప్పిందో లెక్కలేదు. అందులో ఎన్ని ధైర్యాలో, ఎన్ని నోరు మూయించడాలో ఇప్పుడు తరచి చూసుకునే ఓపిక లేదు. గోడకి ఆనుకుని ఒక్క క్షణం కళ్ళు మూసుకుంది. రెప్పలు సరిగా మూతపడక సన్నని వెలుతురు లోపలికొస్తూనే ఉంది. కొన్నాళ్ళు అలాగే ఉంటుందన్నాడు డాక్టరు.

"మళ్ళీ మత్తిస్తే మళ్ళీ ఆగుతుందా?" అంది వసపిట్ట.

"ఆగొచ్చు. ఆగకపోవచ్చు. మెడ ఇప్పుడు వదులైంది, అది నీకు మేలు. గొంతులోపలి మచ్చ మాత్రం అలాగే ఉంది. ప్రాణంమీదికొస్తే మత్తివ్వక తప్పదు. బుగ్గ ప్రాణంమీదికి రాదు. అందుకే నువ్వు సరేనన్నా మత్తు డాక్టరు వెనకాడొచ్చు."

"ఆపరేషను అయితే ఎంతవరకు బాగుపడుతుంది?"

"మామూలు బుగ్గ అవదు. నోటి చివర లాగుడు తగ్గుతుంది. రెప్ప తగ్గుతుంది. మచ్చ మచ్చే."

"నవ్వు?"

"నవ్వు కొంచెం ఇటువైపు కూడా రావొచ్చు."

వసపిట్ట తలూపింది. ఎవరో అడ్రసు చెప్తుంటే గుర్తుపెట్టుకుంటున్నదానిలా ఊపింది. తర్వాత కళ్ళెత్తి సూటిగా చూసింది. "ఇప్పుడు మళ్ళీ అడుగుతున్నాను. ఆ రోజు జవాబు కాదు, అసలు జవాబు చెప్పండి. ఇదంతా తెలిసి, నా వయసులో, ఈ ముఖంతో ఉంటే, మీరైతే ఏం చేసేవారు?"

బయట కారిడార్‌లో ఎవరో ఎవర్నో పిలుస్తున్నారు. పెద్ద సిస్టర్ కంగారుపడలేదు. నిజంగానే ఆలోచించింది. ఇరవై రెండేళ్ళప్పటి తన ముఖాన్ని గుర్తుచేసుకోబోయింది. రాలేదు. ఆ వయసులో దాన్ని ఎప్పుడూ పరకాయించి చూసుకోలేదు, చూసుకోవాల్సిన అవసరం రాలేదు.

"చేయించుకునేదాన్ని" అంది. "వణికిపోతూ, ఏడుస్తూ, అందరిచేతా తిట్లు తింటూ చేయించుకునేదాన్ని. కానీ అది నేను. నువ్వు..."

"నేను మీరు చెప్పినట్టు చేద్దామని అడగలేదులెండి" అంది వసపిట్ట. "ఒక్కసారైనా నిజం చెప్తారా లేదా అని అడిగాను."

ఈసారి ఇద్దరికీ నవ్వొచ్చింది. ఒకరికి కుట్లు లాగి సగమే వచ్చింది, ఒకరికి మచ్చ లాగి సగమే వచ్చింది. తెరకవతల వంటావిడ "అమ్మయ్య" అంది, ఆవిడ చెవి అక్కడే ఉందని ఒప్పేసుకుంటూ.

పెద్ద సిస్టర్ చేతులు కడుక్కుని కొత్త గ్లవ్స్ వేసుకుంది. మిగిలిన డ్రెస్సింగ్ పూర్తిచేసింది. పట్టీ అంచులు నొక్కుతుంటే వసపిట్ట మెడ చాచి, "మీవెక్కడ? చూపించండి" అంది.

"ఏంటి?"

"కుట్లు."

పెద్ద సిస్టర్ టోపీ కింద జుట్టు పక్కకి తీసి, చెవి వెనక చూపించింది. సన్నగా ఎర్రని గీత, చెవి చుట్టూ తిరిగి జుట్టులోకి పోయింది. వసపిట్ట దగ్గరకొచ్చి, ఒక కన్ను చిట్లించి, తనిఖీకి వచ్చిన డాక్టరులా చూసింది.

"ఇంకా ఎర్రగానే ఉంది. రోజూ నూనె రాస్తున్నారా?"

"రాస్తున్నాను."

"ఊరికే రాస్తే చాలదు. గుండ్రంగా నిమరాలి. గట్టిగా కాదు, మెత్తగా కాదు. ఎండ తగలనివ్వకూడదు. బద్ధకించారంటే గట్టిపడిపోతుంది, తర్వాత నన్ననకండి."

అవన్నీ పెద్ద సిస్టర్ ఈ మంచం దగ్గర కూచుని రోజుకి రెండుసార్లు చెప్పిన మాటలే. గొంతుతో సహా దింపేసింది. ఆవిడ జుట్టు సర్దుకుంది. "అలాగే డాక్టరుగారూ" అంది.

తెర తీయబోతుంటే వసపిట్ట కొంగు పట్టుకుని ఆపింది.

"చేయించుకుంటానని ఇంకా అనలేదు. వద్దనీ అనలేదు. ముందు ఆ మత్తు డాక్టరుతో నేను మాట్లాడాలి. అన్నయ్య కాదు, నేను. అన్నీ విని వద్దంటే వద్దంటాను. కానీ ఈసారి ఆ వద్దు నాదే కావాలి."

"నేను మాట్లాడి పిలిపిస్తాను."

"అన్నయ్యకి నేనే చెప్తాను. మీరు తొందరపడకండి. వాడికి నా ముఖం చూస్తే ఊపిరాగిన రోజే గుర్తొస్తుంది. నిదానంగా చెప్పాలి." మళ్ళీ అంది. "చేయించుకునేటట్టయితే ఆ రోజు మీరుండాలి. సెలవంటూ పోకూడదు."

"ఉంటాను."

ఇచ్చేసింది మాట. ఒక మాట తప్పిన నోటితోనే ఇంకొకటి ఇచ్చేసింది. తెర తీసి బయటికొచ్చేసరికి వార్డు వార్డంతా అటే చూస్తోంది. ఆయా కూడా తడిగుడ్డ పట్టుకుని నిలబడిపోయింది. పెద్ద సిస్టర్‌కి ఎవరి చూపూ తగల్లేదు. ఎక్కడైనా ఒక్క పది నిమిషాలు కూచుంటే చాలనిపించింది. టీ తాగుదామని డ్యూటీ రూమ్ వైపు తిరిగింది.

చిన్న సిస్టర్ ఎదురొచ్చింది. ముఖంలో ఇందాకటి నవ్వు లేదు. "మేట్రన్ గారు రమ్మంటున్నారు. వెంటనే."

"టీ తాగి వస్తానని చెప్పు."

"వెంటనే అన్నారు సిస్టర్. మీమీద ఏదో చెప్పడానికి ఎవరో వచ్చారు."

గోరుచుట్టు మీద రోకటిపోటు. మేట్రన్ గది రెండో అంతస్తులో ఉంది. మెట్లు ఎక్కుతూ మధ్యలో ఒకసారి పక్క కమ్మీ పట్టుకుని ఆగింది. దిగుతున్న ఒక కుర్ర డాక్టరు, "ఏం సిస్టర్, వయసు తగ్గినట్టుంది, రెండేసి మెట్లు ఎక్కెయ్యొచ్చుగా" అని నవ్వుకుంటూ పోయాడు.

మేట్రన్ పాతకాలం మనిషి. ఇద్దరూ ఒకే ఏడు ఉద్యోగంలో చేరారు. బల్ల వెనక కూచుని కళ్ళజోడు తుడుస్తోంది. పెద్ద సిస్టర్‌ని కూచోమనలేదు. కొత్త ముఖాన్ని ఒకసారి చూసి, వెంటనే కళ్ళజోడు పెట్టుకోకుండా ఇంకా తుడుస్తూనే ఉంది.

"నీ ముఖం గురించి నాకేమీ లేదు" అంది. "అది ముందే చెప్తున్నాను. కానీ వార్డులో రోగులు ఇబ్బంది పడతారని ఫిర్యాదు వచ్చింది. కాలిన ముఖాల మధ్య నువ్విలా తిరుగుతుంటే వాళ్ళకెలా ఉంటుందో ఆలోచించమంటున్నారు. రేపట్నుంచి నిన్ను బయటి రోగుల విభాగానికి మార్చమంటున్నారు."

"ఎవరంటున్నారు?"

మేట్రన్ గది మూలకి చూసింది. తలుపు చాటున, బెంచీమీద, లాండ్రీ వ్యాను తాళాలు వేళ్ళ మధ్య తిప్పుకుంటూ ఒక మనిషి కూచుని ఉన్నాడు. వసపిట్ట అన్న. గబుక్కున లేచి నిలబడ్డాడు. కోపంగా చూడాలని చూశాడు గానీ, ఆ ముఖానికి కోపం అలవాటు లేదు.

"క్షమించండి సిస్టరమ్మా. మీరు మా చెల్లికి చేసింది మర్చిపోయేవాణ్ణి కాదు. కానీ మీరు ఇదంతా చేయించుకున్నారని ఆయా నోట విన్న దగ్గర్నుంచీ అది నాతో సరిగా మాట్లాట్టంలేదు. నిన్న అన్నం ముట్టలేదు. నాకూ చేయిస్తావా, చేయించవా అంటోంది. దానికి ఆ ఆశ పుట్టకూడదు సిస్టరమ్మా. మీకు తెలుసు కదా ఎందుకో. ఇక రోజూ మిమ్మల్ని చూస్తుంటే అదే ధ్యాస అవుతుంది. అందుకని మార్చమన్నాను, అంతే."

పెద్ద సిస్టర్ అతని వంక చూసింది. మనిషి సగమైపోయాడు. ఆ పిల్ల నిదానంగా చెప్తానంది, తొందరపడొద్దంది. అయినా ఎదురుగా నిలబడి అడుగుతున్నవాడి దగ్గర ఇంకా దాచడం ఆవిడ వల్ల కాలేదు.

"బాబూ, దానికి తెలిసిపోయింది. ఇప్పుడే చెప్పాను."

తాళాల చప్పుడు ఆగిపోయింది.

"చెప్పేశారా?" అన్నాడు.

"చెప్పేశాను. తిట్టుకుంటే తిట్టుకో. కానీ నువ్వనుకున్నట్టు భయపడలేదు. అన్నీ విని ఆలోచించుకుంటానంది. నీకన్నా నాకన్నా గట్టిది నీ చెల్లెలు."

అతను బెంచీమీద కూలబడ్డాడు. రెండు చేతుల్లో తల పట్టుకున్నాడు. ఎంతో బరువు దిగిపోయినవాడిలా ఒక నిట్టూర్పు విడిచి తలెత్తాడు. కళ్ళు తడిగా ఉన్నాయి.

"పోనీలెండి. ఒక రకంగా నయమే. నావల్ల ఎప్పటికీ అయ్యేది కాదు" అన్నాడు. "రెండో సంగతి కూడా విని తట్టుకుందా? ఏడ్చిందా?"

"రెండో సంగతేమిటి?"

అతను మేట్రన్ వంక చూశాడు. మేట్రన్ అప్పటికే కళ్ళజోడు పెట్టుకుని, కిటికీలోంచి బయటికి చూస్తోంది.

"ఆ ఊపిరాగిన రోజు మీరు వార్డుకి వెళ్ళిపోయాక డాక్టరుగారు నన్ను మళ్ళీ లోపలికి పిలిచి చెప్పింది" అన్నాడు, ఒక్కో మాటా కూడబలుక్కుంటూ. "అదేంటి సిస్టరమ్మా... మీకు చెప్పలేదా?"

(సశేషం)